కుడివైపు నుంచి తెరిచే పుస్తకం

మా పక్కింటి ఖాలా పోయిన శుక్రవారం కన్నుమూసింది. గుండె ఆపరేషన్‌కని హైదరాబాద్ వెళ్లింది, తిరిగి రాలేదు. ఆదిలాబాద్‌లో ఆమె దగ్గర ఉర్దూ నేర్చుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. టీచరుగా ఆమె ఎలాంటిదో వాళ్లు నాకంటే బాగా చెబుతారు. నేను చెప్పగలిగింది నింజాల గురించే.

మా తమ్ముడు ఖతర్ వెళ్తూ ఒక పెట్టెడు జపాన్ బొమ్మల పుస్తకాలు మా ఇంట్లో వదిలిపోయాడు. ఇంగ్లీషులోకి మార్చిన నింజాల కథ, చాలా భాగాలు. నేను పనిచేసే పత్తి జిన్నింగ్ మిల్లు ఆఫీసుకు సెలవున్న ఒక ఆదివారం మొదటిది తెరిచాను. మొదటి పేజీలోనే కొట్లాట అయిపోయింది, ఒకడు నేల మీద పడి ఉన్నాడు. కొన్ని పేజీలు తిప్పితే వాడే లేచి కత్తి దూశాడు. ఇంకొన్ని తిప్పేసరికి కొట్టుకున్న ఇద్దరికీ అసలు పరిచయమే లేదు. నింజాలకు ఇలాంటి విద్యలుంటాయి కాబోలనుకుని సగం దాకా లాగించాను.

మెంతికూర ఇవ్వడానికి వచ్చిన ఖాలా కాసేపు చూసి, పుస్తకం లాక్కుని అటు తిప్పింది.

"ఉల్టా చదువుతున్నవ్ బేటా. గిది మా ఉర్దూ కితాబు లెక్క కుడి దిక్కు నుంచి చదవాలె."

"జపానోళ్ల సంగతి నీకెట్ల తెల్సు ఖాలా?"

"నాకేం తెల్వది. బొమ్మ జూడు, వాడు దెబ్బ తినకముందే ఏడుస్తుండు."

అప్పటినుంచి అదే మా పద్ధతి. ఆమెకు ఇంగ్లీషు అంతంత మాత్రం, నాకేమో పేజీలో ఏ బొమ్మ గడి తర్వాత ఏ గడో తికమక. ఆమె గడి మీద వేలు పెట్టేది, నేను చదివి తెలుగులో చెప్పేదాన్ని. నేను తొందరపడి తర్వాతి గడిలోకి దూకితే ఆ వేలు కదిలేది కాదు. "ఆగు, గా పిలగాన్ని జర ఊపిరి పీల్చుకోనీ" అనేది.

ఆ కథే టీవీలో హిందీలో వచ్చేది. వాళ్లింట్లో కూర్చుని చూసేవాళ్లం. పుస్తకంలో నాలుగు పేజీల్లో తేలిపోయిన కొట్లాట అక్కడ వారాల తరబడి సాగేది. కత్తి ఎత్తినవాడు దించే ముందు తన చిన్నతనమంతా గుర్తు చేసుకునేవాడు. "కొట్టేదుంటే కొట్టరా, నాకు నమాజ్ టైం అయితుంది" అని ఖాలా వాణ్ణి గదమాయించి లేచిపోయేది. ఆ కథతో వచ్చిన సినిమా కూడా ఆమె ఫోన్‌లోనే చూశాం. రంగులు బాగున్నాయంది గానీ, "గిండ్ల నేను వేలు ఏడ పెట్టాలె?" అంది.

చివరి భాగం ఒక్కటే మిగిలింది. ఆపరేషన్‌కు వెళ్తూ గేటు దగ్గర ఆగింది. "నేనొచ్చినంక చదువుదాం. నువ్వొక్కదానివే చదివినవంటే నీతోని మాట్లాడ."

నేను చదవలేదు.

నిన్న ఆమె కూతురు ఇల్లు సర్దడానికి వచ్చి, మా ఇంటికీ వచ్చింది. ఇంగ్లీషు మీడియంలో పెరిగిన పిల్ల, ఉర్దూ మాట్లాడుతుంది గానీ చదవడం రాదు.

"అమ్మీ దవాఖానల గా నింజాల కథనే చెప్పింది అక్కా. ఆఖరికి ఏమైందో తనకు తెల్వదంది. ఏమైంది?"

"నాకు కూడా తెల్వదమ్మా. చదవలే."

ఖాలా లేకుండా ఆ పుస్తకం ముట్టుకోవడం నాకిష్టం లేదు. అసలు సంగతి భయం. అది అయిపోతే ఆమెతో కూర్చోవడం కూడా అయిపోతుందని. కానీ ఆ పిల్ల ముఖం చూసి బీరువాలోంచి తీసిచ్చాను. ఆమె ఎడమవైపు నుంచి తెరిచింది.

"గిదేంది అక్కా, సురువుల్నే ఖతమైంది?"

గబుక్కున చెయ్యి అడ్డం పెట్టి మూసేశాను. పుస్తకాన్ని తిప్పి తెరిచి, కుడివైపు పై గడి మీద వేలు పెట్టాను. ఆమె చదవడం మొదలుపెట్టింది. అది పూర్తికాకుండానే పక్క గడిలోకి దూకింది.

నేను వేలు కదపలేదు.