ఫైనల్ సెటిల్‌మెంటుకు రమ్మన్నారు

ఆ రోజుల్లో మా ఇళ్లకు ఉత్తరం వచ్చిందంటే ఎవరో పోయారనో, పోబోతున్నారనో లెక్క. అందుకే రొయ్యల కంపెనీ నుంచి నా పేరుమీద కవరు వచ్చిననాడు నేను దాన్ని విప్పకుండా బియ్యం డబ్బా మీద పెట్టి, దూరంగా కూర్చుని దానివంక చూస్తూ ఉండిపోయాను. (నవ్వకుండా రాయవే మనవరాలా. తెలియని నంబరు నుంచి ఫోను మోగితే నువ్వు చేసేదీ అదేగా!)

బోగోలు దగ్గర సముద్రం ఒడ్డున మా ఊరు. పెళ్లయి వచ్చిన ఏడాదే ఆ కంపెనీలో రొయ్యలు ఒలిచే పనికి కుదిరి, ఆరేళ్లు ఐసునీళ్లలో చేతులు పెట్టాను. తర్వాత చెరువులకు తెల్లమచ్చ రోగం తగిలింది, రొయ్యలు రావడం మానేశాయి, ఒక పొద్దున గేటు దగ్గరే "రేపట్నుంచి రావద్దు" అనేశారు. రెండు నెలల జీతం, ఆరేళ్లుగా నా జీతంలో కోసిన పీఎఫ్ లోపలే ఉండిపోయాయి. ఆ డబ్బు వస్తేనే మీ తాత పడవ ఇంజను బాగయ్యేది. లేకపోతే ఆయన ఇంకొకరి పడవ మీద కూలికి పోవాల్సిందే. వారం రోజులు గేటు చుట్టూ తిరిగాను. చివరికి ఒళ్లు మండి, వాచ్‌మన్‌తో "మా డబ్బులు మాకీకపోతే మీ ఓనరు చొక్కా పట్టుకుంటా, పోయి చెప్పుకో పో!" అని అరిచి వచ్చాను. ఆ తర్వాత నాలుగోనాడే ఈ కవరు.

మీ తాత విప్పి చదివాడు. "ఫైనల్ సెటిల్‌మెంట్ నిమిత్తం సోమవారం ఉదయం పది గంటలకు హాజరు కావలెను. రాని యెడల కంపెనీ ఎట్టి బాధ్యత వహించదు." చదివి, కాగితం మడిచి, నా మొహం చూడకుండా అడిగాడు. "ఏమ్మే, ఆ వాచ్‌మన్‌తో ఇంకేమన్నా కూసినావా?"

మా వైపు సెటిల్‌మెంటంటే ఒకటే అర్థం. గట్టు తగాదా వచ్చినా, చెరువు లీజు తగాదా వచ్చినా, తెల్లచొక్కాల వాళ్లు మనిషిని జీపెక్కించుకుని పోయి, తలుపులు వేసి చేసేది. పోయినవాడు తిరిగొచ్చి అన్నిటికీ ఒప్పుకున్నానని చెప్పేవాడు. ఎందుకు కుంటుతున్నాడో మాత్రం చెప్పేవాడు కాదు. మామూలు సెటిల్‌మెంటే అట్లా ఉంటే, ఇది ఫైనలంట!

"పోబాక. ఇంజను లేకపోతే లేకపాయ" అన్నాడు మీ తాత. మా అత్త ఒప్పుకోలేదు. (ఊళ్లో అందరూ ఆమెను తుఫాను అనేవాళ్లు, రేడియోలో చెప్పకుండా వచ్చేదని.) "ఆరేండ్లు ఐసులో వేళ్లు కొరకబెట్టుకునింది ఎవురు? నేనొస్తా పదమ్మే" అని, సోమవారం పొద్దున తట్టలో చేపలు కోసే కత్తి పెట్టి, పైన ఎండుచేపలు పరిచి బస్సెక్కింది. కండక్టరు ముక్కు మూసుకున్నాడు గానీ తట్ట వెతకలేదు.

ఆఫీసు గది దగ్గర అత్తను బయటే ఆపి నన్నొక్కదాన్నే పంపారు. లోపల లావాటి మనిషి, బండ మీసాలు, తెల్లచొక్కా. నేను అడుగు పెట్టగానే లేచొచ్చి నా వెనక తలుపు వేశాడు. (ఏసీ చల్లదనం పోతుందనట. నాకు మాత్రం చెమటలు పోశాయి.) "కూర్చోమ్మా" అని, ఫైలు తిప్పుతూ, నెమ్మదిగా, "నీకేదన్నా అయితే ఎవురి పేరు రాయమంటావు?" అన్నాడు.

నేను మూసిన తలుపు వంక చూశాను.

"మీ ఆయన పేరు రాసేదా? ఆయనకు గూడా ఏమన్నా అయితే? ఇంట్లో ఇంకెవురుండారు?"

నేను పోతే డబ్బు ఎవరికివ్వాలో రాసే నామినీ అనే గడి ఆరేళ్లుగా ఖాళీగా ఉందనీ, అది నింపకపోతే పీఎఫ్ ఆఫీసు కాగితాలు తిప్పికొడుతుందనీ నాకేం తెలుసు! లేచి రెండు చేతులూ జోడించాను. "సార్, నాకు డబ్బులొద్దు సార్. జీతమొద్దు, పీఎఫ్ ఒద్దు. నన్నింటికి పోనీండి, చిన్నబిడ్డ ఉండాది" అని బావురుమన్నాను.

తలుపు ధడాలున తెరుచుకుంది. తుఫాను తీరం దాటింది. ఎండుచేపలు నేలమీద, కత్తి చేతిలో. "ఎవుడ్రా నా కోడలికి సెటిల్‌మెంటు చేసేది? రా, ముందు నాకు చెయ్యి!"

మీసాలాయన ఫైలు గుండెకు అడ్డం పెట్టుకుని బీరువా పక్కన దూరాడు. "పెద్దమ్మా, నేను అకౌంటెంటును! సెటిల్‌మెంటంటే రావాల్సిన డబ్బు లెక్కజూసి ఇచ్చేది! నన్నూ ఈ నెలతో తీసేసినారు. నా సెటిల్‌మెంటే ఇంకా కాలా!"

అత్త కత్తి దించింది. ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసి జాలిపడి, "నీకు గూడానా నాయనా? పెండ్లాం బిడ్డలుండారా? ఏ పొద్దో చెప్పు, తోడొస్తా" అన్నది.

ఆయన వంగి, మాతో పాటు చేపలు ఏరాడు. స్టాంపు మీద నా సంతకం సగం బయటికి పోతే, పక్కన ఇంకోటి పెట్టించాడు. జీతం చెక్కు నా చేతికిస్తూ, "తల్లీ, ఇంకెప్పుడూ ఏ ఆఫీసులోనూ డబ్బులొద్దనే మాట అనబాకమ్మా. 'అయితే అదే రాసియ్యి' అని కాగితం తోసేవాళ్లు ఉంటారు" అన్నాడు.

పీఎఫ్ నాలుగు నెలలకు వచ్చింది. ఇంజనూ బాగైంది. కానీ డబ్బులొద్దని నేనన్న ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు. వాచ్‌మన్ ముందు అంత నోరున్న పిల్ల, మర్యాదగా కూర్చోమన్న మనిషి ముందు ఆరేళ్ల కష్టాన్ని వదిలేసి లేచి వచ్చేయబోయింది. ఆ పిల్ల ఇప్పుడు నాకెదురైతే చెవి మెలిపెట్టాలనిపిస్తుంది. అయితే ముందు పక్కన కూర్చోబెట్టుకుని ఇంత అన్నం పెడతాను. కవరొచ్చినప్పట్నుంచీ మెతుకు ముట్టలేదు, పిచ్చిది.