విరిగిన సూది మొన

పిల్లల గౌన్లు కుట్టి విదేశాలకు పంపే ఆ ఫ్యాక్టరీలో ఆమెను అందరూ సూదక్క అంటారు. మిషను సూది విరిగితే ముక్కలన్నీ ఏరి, రిజిస్టరులో టేపుతో అతికించాకే మిషను మళ్ళీ కదలాలి. పంతొమ్మిదేళ్ళుగా ఆమె పని అదే.

ఆ మధ్యాహ్నం విరిగిన సూదికి రెండు ముక్కలు దొరికాయి గానీ, మొన దొరకలేదు. ఆ మిషను మీద కుట్టిన గౌన్లు అప్పటికే పెట్టెల్లోకి ఎక్కాయి. గేటు దగ్గర లారీ ఆగకుండా హారన్ కొడుతోంది. సాయంత్రంలోగా రేవు చేరకపోతే ఓడ వెళ్ళిపోతుంది.

"గోరంత ముక్క కోసం కొంప ముంచుతావా?" అని మేనేజరు మండిపడ్డాడు.

"మనకంటే చవగ్గా కుట్టేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు సార్. వాళ్ళని కాదని విదేశాల వాళ్ళు మన దగ్గరికే ఎందుకొస్తున్నారనుకున్నారు?"

అంటూనే సూదక్క పెట్టెలు విప్పించింది. ఒక్కో గౌనునూ అయస్కాంతంతో తడుముతుంటే చెమటకు ఆమె వేళ్ళు జారిపోతున్నాయి. నూట నలభయ్యో గౌను దగ్గర అయస్కాంతం టక్కున అతుక్కుంది. మొన మెడపట్టీలో ఉంది, సరిగ్గా పసిదాని గొంతు ఆనే చోట.

బయట లారీ మళ్ళీ హారన్ కొట్టింది.

"ఆగవయ్యా బాబూ!" అని మేనేజరు కిటికీలోంచి అరిచాడు. "ఇప్పుడేం కొంపలు మునిగిపోవు!"