నాయన అంగడి ముందు నిలిచిన లారీ

మా వీధి మొదట్లోని ఖాళీ స్థలంలో పెద్ద కిరాణా స్టోరు కడతారట. నిన్న పొద్దున ఆ సంగతి మాట్లాడటానికి వీధివాళ్లమంతా చేరినప్పటి నుంచి నాకు కుదురు లేదు. స్టోరు తరఫున వచ్చిన ఆయన మర్యాదస్తుడే, కొనేవాళ్ల బండ్లకు చోటు వదులుతామని కాగితం మీద గీసి చూపించాడు. సరుకుల లారీ ఎక్కడ నిలుపుతారని నేను అడిగితే మాత్రం, "వీధిలోనేమ్మా, దించేంతసేపే కదా" అన్నాడు. స్టోరే వద్దని రాసిన అర్జీ మీద ఎదురింటాయన సంతకం చేయమంటే, చేయలేక, ఆ కాగితం ఇంటికి తెచ్చుకున్నాను. కిరాణా అంగడిలో పెరిగినదాన్ని, అంగడే వద్దని ఏ నోటితో అనను?

తాడిపత్రిలో, ఇదే వీధిలో, మా నాయనకు అంగడి ఉండేది. ముందుగదిలో అంగడి, వెనకగదిలో మా కాపురం, దాని వెనక తలుపు తీస్తే పక్కవీధి. మా వీధికి అప్పుడూ ఇప్పుడూ ఒకవైపే దారి, లోపలి కొస గోడతో మూసుకుపోయి ఉంటుంది. లారీ వచ్చిందంటే లోపలి ఇళ్లవాళ్లు ఇరుక్కుపోయేవాళ్లు. ఎవరైనా గొణిగితే నాయన నవ్వి, "రోంతసేపప్పా, మూటలు దిగేదాకానే" అనేవాడు.

నేను ఏడో తరగతి చదివిన ఏడాది, ఎండాకాలం మధ్యాహ్నం, బియ్యం లారీని వెనక్కి తోలుకొచ్చి మా వాకిలి దగ్గర నిలిపి, మూటలు సగం దిగగానే డ్రైవరు తాళంచెవి జేబులో వేసుకుని అన్నానికి వెళ్లాడు. సరిగ్గా అప్పుడే, లోపలివైపు పక్కింటి అక్కకు నొప్పులు ఎక్కువయ్యాయి. ఆసుపత్రికి పోవడానికి పిలిపించిన జట్కా వీధి మొదట్లోనే ఆగిపోయింది. గోడకూ లారీకీ మధ్య మనిషి పక్కకు తిరిగి దూరేంత సందే ఉంది. అక్క అత్తగారు, మేమంతా అవ్వా అని పిలిచే ఆమె, పరుగున వచ్చి నాయన ముఖం మీదే అరిచింది.

"ఏమప్పా, నీ అంగడి కోసరం నా కోడలు చావాల్నా? యాడికి పోయినాడు వాడు?"

నాయన హోటలు దాకా పరుగెత్తి, డ్రైవరు కనిపించక తిరిగివచ్చి, వెనక తలుపుకు అడ్డంగా పేర్చిన మూటలు లాగడం మొదలుపెట్టాడు. అమ్మా నేనూ చేయి వేశాం. ఒక మూట చినిగి బియ్యం గదంతా పారింది, ఎవరూ కిందికి చూడలేదు. అక్కను మంచం మీదే మోసుకుంటూ, ఆ బియ్యం తొక్కుకుంటూ, మా ఇంట్లోంచి పక్కవీధిలోకి తీసుకువెళ్లారు. జట్కా అటు తిరిగి వచ్చింది. దీపాలు పెట్టే వేళకు ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది.

మర్నాడు నాయన అవ్వ గడప ముందు నిలబడ్డాడు. ఆమె కూర్చోమనలేదు.

"పిల్ల బాగుండాది. నీ లారీ మళ్లా ఈ వీధిలోకి రాకూడదు."

రాలేదు. అప్పటి నుంచి లారీ పెద్దరోడ్డు మీదే ఆగేది. హమాలీలతోపాటు నాయనా మూటలు మోసేవాడు, నా పెళ్లినాటికి ఆయన కుడిభుజం కిందికి వాలిపోయింది. అవ్వ నాలుగు నెలలు మా అంగడిలో ఉప్పుకల్లు కూడా కొనలేదు. ఆ తరువాత ఒకనాడు మనవరాలిని చంకనెత్తుకుని వచ్చి, ఏమీ జరగనట్టు బెల్లం అడిగింది. నాయన తూచి, పైన ఇంకో ముక్క వేసి పొట్లం కట్టాడు.

ఈ పొద్దున అర్జీలో స్టోరు వద్దన్న మాట కొట్టేసి, లారీ మాత్రం పెద్దరోడ్డు మీదే నిలపాలని రాసి సంతకం చేశాను. ఎదురింటాయన ముఖం ముడుచుకున్నాడు. ఖాళీ స్థలం దగ్గరున్న స్టోరాయనకు చూపిస్తే, దాన్ని ఫోనులో ఫోటో తీసుకుని, పైవాళ్లకు పంపిస్తానన్నాడు. ఆ పైవాళ్లెవరో ఆయనా ఎన్నడూ చూడలేదట.

ఆనాడు అవ్వకు కోపం వస్తే నాలుగడుగులు వేసి నాయన ఎదుట నిలబడింది. తప్పు చేసినవాడికీ తప్పించుకుపోయే దారి లేని వీధి అది. నా కోపం ఏ ఊరికి వెళ్లి ఎవరిని నిలదీయాలో తెలియక, పొద్దుటి నుంచి ఇంట్లోకీ వాకిట్లోకీ తిరుగుతున్నాను.