అమ్మమ్మ ఊరు, ఆసియా పేపరు

ఎనభైల మొదట్లో యూనివర్సిటీలో మాకు ‘సమకాలీన ఆసియా సమాజాలు: సమస్యలు, చర్చలు’ అని ఒక పేపరుండేది. పేరు పొడుగే. ఆసియా మాత్రం జపాన్‌లో మొదలై ఇండోనేషియాలో ఆగిపోయేది. దారిలో విశాఖపట్నం తగిలేది కాదు.

ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఖాళీ చేయిస్తున్న ఊళ్ళలో మా అమ్మమ్మది ఒకటి. ఆ పేపరుకి రాయాల్సిన రిపోర్టు దానిమీద రాస్తానన్నాను.

“అది లోకల్ గొడవమ్మా, ఆసియా సమస్య కాదు,” అన్నారు మాస్టారు.

కొరియాలో ఊరు లేపేస్తే సమస్య, గాజువాక పక్కన లేపేస్తే గొడవ! అంత సూక్ష్మం నా బుర్రకెక్కక వాదిస్తూనే ఉన్నాను. చివరికాయన ఊరిని ఒప్పుకుని నన్ను మార్చేశారు. “ఆడపిల్లవి, ఊళ్ళంట ఏం తిరుగుతావు?” అని సిటీలో పూర్ణా మార్కెట్ వెనకుండే మా క్లాసబ్బాయికిచ్చారు. నేను పుట్టిన ఊళ్ళో నేను తిరగలేనట. నాకు దక్కింది ‘ఆసియా స్త్రీల స్వేచ్ఛ’.

అతను వెళ్ళొచ్చి సెమినార్లో చదివాడు. ఇంటింటికీ కొబ్బరితోట, ఉద్యోగానికి ఎదిగిన కొడుకులు. మాస్టారు మురిసిపోయి, రిపోర్టు నష్టపరిహారం లెక్కకట్టే భూముల ఆఫీసుకి కూడా పంపిస్తామన్నారు. నేనూరుకుంటానా!

“మా అమ్మమ్మకీ ఉందా తోట?”

అతను కాగితాలు తిరగేశాడు. “పెద్దదే. కొడుకులిద్దరు.”

“మా అమ్మ తప్ప ఆవిడకి పిల్లల్లేరు!”

హాలంతా నవ్వు. మాస్టారు మొహం మాడ్చుకుని, “అయితే నువ్వే వెళ్ళి రాసుకురా,” అన్నారు. గెలిచేశాననుకున్నాను.

ఆదివారం అమ్మమ్మ అరుగుమీద పెన్ను తీసి కూర్చున్నాను.

“నీకు కొడుకులెక్కడినుంచొచ్చారే?”

“ఆ గుంటడు ఆఫీసోడు కాడేటి? పెన్నట్టుకుని అడిగితే ఇంకేటి సెప్తాం? ఇంటికో ఉజ్జోగమంటన్నారు, సెట్టుకింతని డబ్బులంటన్నారు. ఊరంతా ఒకే మాటనుకున్నాం.”

“నాను క్లాసులో నీకు కొడుకులు నేరని సెప్పీసేనే.”

“సెప్పీసేవా!” అంది. తిట్టుంటే బాగుండేది. పెరట్లో ఉన్న ఒక్క కొబ్బరిచెట్టు వైపు చూసింది, అదీ కాయడం మానేసినది. “ఆ కాయితం ఆఫీసుకెల్తే ఉన్నదీ పోద్దే, పిల్లా.”

వాదనలో వెనక్కి తగ్గడం నాకు చిన్నప్పటినుంచీ లేదు. సోమవారం క్లాసులో లేచి, “పొరపాటు నాదేనండీ. తోట ఉంది. మేనమామలూ ఇద్దరున్నారు,” అన్నాను.

మాస్టారు కళ్ళజోడు పైనుంచి చూశారు. “మొన్న లేని మేనమామలు ఇవాళ ఎలా వచ్చారు? ఏం చేస్తుంటారేమిటి?”

“ఉద్యోగం కోసం చూస్తున్నారండీ,” అన్నాను.