చింతపిక్కల జీతం

నా చిన్నప్పుడు ఎండాకాలం వస్తే మా పల్లెకు రెండే రెండు వచ్చేవి. ఒకటి మశూచి, రెండోది కూలీలను తోలుకుపోయే రంగూను మేస్త్రి. మశూచి కొందరిని వదిలేసి పోయేది.

మార్కాపురానికీ కొనకనమిట్లకూ నడుమ ఉన్న మా పల్లెలో ఎండాకాలం కూలి పనులుండవు. సరిగ్గా అప్పుడే మేస్త్రి దిగేవాడు. ఆయన జుట్టుకు పట్టించిన నూనెతో మా ఇంట్లో వారం రోజులు దీపం పెట్టుకోవచ్చు. చొక్కాకు మెరిసే గుండీలు. ఊళ్ళో గుండీల చొక్కా అంటే పాస్టరుగారిదొక్కటే, దానికీ ఒక గుండీ ఊడిపోయి పిన్నీసు ఉండేది. మేస్త్రి మా అరుగు మీద కూర్చుని, వక్కాకు నమిలి, ఆదివారం కోసం అమ్మ సున్నం కొట్టిన గోడమీద ఉమ్మి, రంగూనులో బియ్యం మిల్లు కూలీకి రెండు పూటలా వరన్నమేనని చెప్పేవాడు. ఆ ఎర్రటి మరక చూస్తే రోత పుట్టేది. వరన్నం అన్న మాట వింటే నోరూరేది. రెండూ ఒకే నోటినుంచి వస్తుంటే చిన్నపిల్ల ఏం చేస్తుంది?

ఆ ఏడు మా నాయన పోతానన్నాడు. అడ్వాన్సు తీసుకుని వేలిముద్ర వేస్తే చాలు, మార్కాపురం స్టేషన్లో రైలెక్కించి, కాకినాడలో ఓడ ఎక్కించే పూచీ మేస్త్రిది. తిరిగి తెచ్చే పూచీ మాత్రం ఎవరిదీ కాదు. మా వీధిలోనే ఒకాయన పోయి మళ్ళీ కనిపించలేదు. ఆయన భార్య బొట్టు ఉంచుకోవాలో తీసెయ్యాలో తేల్చడానికి ఊరంతా పెద్దమనుషులయ్యారు. అందుకే అమ్మ ఆ వారమంతా ఏడవలేదు, సంకటి మాత్రం గట్టిగా గెలికింది.

నాయనను ఆపాలంటే ఆపగలిగింది మా పెదనాయన ఒక్కడే. ఆయన రంగూనులో నాలుగేళ్ళుండి వచ్చినవాడు. చిక్కు కూడా అక్కడే ఉంది. ఆ డబ్బుతోనే పెదనాయన రాళ్ళచేను కొన్నాడు, ఎద్దులను కట్టాడు. ఇప్పుడు వద్దంటే ఏమంటారు?

నాయన అననే అన్నాడు. "నువ్వు పోయినావు, చేను కొన్నావు. నేను పోతే తప్పేంది అన్నా? నీ చేను పక్కన ఇంకో చేను మొలుస్తాదనా?"

పెదనాయన నవ్వాడు. పొదిలి సంత రోజు మేస్త్రి మళ్ళీ వస్తానని చెప్పిపోయాడు. అందాకా తన కొట్టంలో రంగూను బతుకు బతికి చూడమన్నాడు పెదనాయన. చేనులో రాళ్ళు ఏరితే రోజుకు దోసెడు చింతపిక్కలు జీతం. అందులో చాపకు అద్దె, నీళ్ళకు అద్దె, గంజికి ఇంత అని తీసేస్తారు. సంత రోజుకు సోలెడు పిక్కలు మిగిలిస్తే రైలు టిక్కెట్టు తానే కొంటానన్నాడు. మిగలకపోతే మేస్త్రికి లేదని చెప్పాలి. నాయన మీసం దువ్వాడు. ఈ ఏర్పాటులో పెదనాయన చేనులో రాళ్ళు కూడా ఊరికే తేలిపోతాయన్న సంగతి నాకు తోచింది. ఆ మాట పైకి అంటే పెద్దమ్మ నెత్తిన మొట్టింది. పెదనాయన లాభం లేని పని ఎప్పుడూ చేసి ఎరగడు.

కొట్టంలో చాప ఒక్కటే. పెదనాయన తోడు కూలీలుగా పెట్టినవాళ్ళతో కలిపి పడుకునేవాళ్ళు ముగ్గురు: నాయన, నాయనకు నాయన అయిన మా తాత, గజ్జితో గోక్కునే మా చిన్నమామ. రంగూనులో అంతేనట. ఒకడు మిల్లుకు పోతే ఒకడు వచ్చి పడుకుంటాడు, చాప చల్లారదు. ఎవరి వంతు ముగిసిందో సత్తుపళ్ళెం కొట్టి చెప్పే పని, అద్దె పిక్కలు వసూలు చేసే పని నావి. ఇంట్లో ఎక్కువ వాగేది నేనే కాబట్టి ఆ ఉద్యోగం నాకిచ్చారు.

"అద్దె కట్టు మామా, గోకుడికి వేరే లెక్క," అనేదాన్ని. అందరూ నవ్వేవాళ్ళు. మొదటి రెండు రోజులు అది నాటకమే. ఎద్దుల ఉచ్చ కంపు, నల్లులు, ముగ్గురి చెమట పీల్చి జిగటగా మారిన ఈతచాప, అన్నీ నవ్వులాటగానే ఉన్నాయి.

మూడో రోజునుంచి నాయన నవ్వడం మానేశాడు. ఒకపూట గంజి మానేసి పిక్కలు మిగిల్చాడు. మర్నాడు చిన్నమామ పారబోయబోతున్న గంజి అడుగు, మామ వేలు పెట్టి కలిపిన గంజి, తాను తాగేశాడు. ఆ వేళ్ళు నేను చూసినవే. అమ్మ ఇంటినుంచి సంకటి తెస్తే, దానికి పిక్కలు తీసెయ్యరు కదా అని రెండుసార్లు అడిగాడు. ఒక పిక్క తక్కువైందని నాతో పోట్లాడాడు. నాయన దగ్గర సోల నిండుతోంది, మనిషి దగ్గర కూర్చోబుద్ధి కావడం లేదు.

సంతకు ముందు రోజు మధ్యాహ్నం. పొద్దున రాళ్ళ దగ్గర ఎండదెబ్బ తగిలి, తాత తన వంతుకు వచ్చి పడుకున్నాడు. ఒళ్ళు కాలిపోతోంది. నాయన చేనునుంచి వచ్చాడు. నేను పళ్ళెం కొట్టాను. తాత లేవలేదు. మళ్ళీ కొట్టాను.

"లే నాయనా, వంతు నాది," అన్నాడు నాయన.

తాత ఏదో గొణిగాడు.

"అద్దె కట్టినా. ఊరికే అడుగుతున్నానా? లే."

తాత చెయ్యి పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. మూట దొర్లినట్లు తాత దొర్లి పేడ తడిలో పడ్డాడు. నాయన ఆ వెచ్చటి, తడిసిన చాపమీద, తన తండ్రి జ్వరం చెమటలోనే వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకున్నాడు. చేతిలో పిక్కల మూట అలాగే ఉంది.

నేను పళ్ళెం చప్పుడు కాకుండా నేలమీద పెట్టాను.

తాత మెల్లగా లేచి కూర్చున్నాడు. చెంపకంటిన పేడ తువ్వాలుతో తుడుచుకున్నాడు. కోపం లేదు. సంతలో దున్నపోతును చూసి బేరం ఒప్పుకున్నట్లు అన్నాడు: "పోయిరా అబ్బీ. నువ్వు మిగిలిస్తావు. పనికొస్తావు."

నాయన కళ్ళు తెరిచాడు. తాతను చూశాడు, తన అరచెయ్యి చూసుకున్నాడు. లేచి కొట్టం వెనక్కు పరుగెత్తి కక్కుకున్నాడు. గంజినీళ్ళు తప్ప ఏమీ రాలేదు. ఎద్దులకు గడ్డి వేస్తున్న పెదనాయన వెనకాలే పోయి వీపు నిమురుతూ అన్న మాట నాకు వినిపించింది. "నేను మిగిల్చింది కూడా ఇట్లనేరా తమ్ముడా. ఎవుర్ని లాగినానో మీ వదినకు కూడా చెప్పలే."

సంత రోజుకు సోల నిండింది. పందెం నాయనదే. మేస్త్రి వచ్చి, కూర్చుని, ఉమ్మి, కాగితం తీశాడు. నాయన రానన్నాడు. ఎందుకని అడిగితే, "ఈడ నాయనకు జొరం," అన్నాడు. జ్వరం మూడు రోజుల్లో తగ్గింది. నాయన మాత్రం రంగూను మాట మళ్ళీ ఎత్తలేదు. దానివల్ల మేమేమీ బాగుపడలేదు. చేను కొనలేదు, పెళ్ళిళ్ళకు తప్ప వరన్నం ఎరగం, నాయన చచ్చేదాకా పరాయి చేలలోనే రాళ్ళు ఏరాడు. ఆ కథ చెప్పి ఎవరికైనా బుద్ధి నేర్పుదామంటే మా ఇల్లు చూసి నవ్వుతారు.

ఇప్పుడు గిద్దలూరు వైపు పిల్లలు అరబ్బు దేశాలకు పోతున్నారు. గదికి పదిమందిమి ఉంటున్నామని, ఇంత మిగిల్చామని వచ్చి చెబుతారు. సంతోషమే. వాళ్ళకు నీతులు చెప్పేంతటిదాన్ని కాను. నాకు ఆనాటినుంచి మిగిలింది ఒక్కటే. నిద్రపోతున్న మనిషిని నేను చెయ్యి పట్టి లేపలేను. గడపలో నిలబడి పిలుస్తాను. లేవకపోతే కాసేపాగి మళ్ళీ పిలుస్తాను. ఇట్లయితే బస్సు పోతుందని మా కోడలు నెత్తి కొట్టుకుంటుంది. నిజమే, చాలా బస్సులు పోయాయి. పోతే పోనీ, పొద్దుటిది పోతే మధ్యాహ్నం ఇంకోటి ఉంది.