తోడు అడిగిన గొంతు

దయ్యాలంటే నాకు నవ్వు వచ్చేది. ఫ్యాక్టరీలో ఫిట్టర్ పని నాది. చేతికి తగలనిది, కొలతకు అందనిది ఉందంటే ఒప్పుకునే రకం కాదు. మా గౌలిపుర గల్లీలో ఎవరికో గాలి సోకిందని నిమ్మకాయలు కోస్తుంటే, పులిహోరకైనా పనికొచ్చేవి కదా అని వెక్కిరించేవాణ్ణి. ఇప్పుడు వెక్కిరించను. అలాగని నమ్ముతున్నానా అంటే, అదీ చెప్పలేను.

డెబ్భైల నాటి మాట. మాది పాలు అమ్మే ఇల్లు. వెనక కొట్టంలో బర్రెలు, ముందు రెండు గదుల్లో మేమంతా. చాంద్రాయణగుట్ట అవతల, మేత కోసం బాపు ఎప్పుడో కొన్న జాగా ఒకటి ఉండేది. దాన్ని మల్లేశన్నకూ నాకూ చెరి సగం పంచుతానన్నాడు. అందరికంటే ఎక్కువ సంబరపడింది అన్న భార్య సత్తెమ్మ వదిన. పెళ్లయిన నాటి నుంచి ఆమెకు తనదంటూ వంటిల్లు లేదు. పేడ వాసన లేని చోట ఒక్కపూటన్నా అన్నం వండుకోవాలని ఆమె ఆశ. ఆ మాట దాచుకునేది కూడా కాదు.

పంచే ముందు పాత బావులేమైనా ఉన్నాయేమో చూడాలని బాపు పట్టుబట్టాడు. ఆ వైపు పాడుబడ్డ బావులను చెత్తతో, మట్టితో పూడ్చి మరచిపోవడం మామూలే. ముందు నలుగురినీ అడిగాం. రోడ్డు మీది చాయ్ హోటల్ ముసలాయన, "ఇధర్ బౌలీ నహీ థీ భాయ్, బేఫికర్ రహో," అన్నాడు. ఇక్కడ బావే లేదు, నిశ్చింతగా ఉండండన్న ఆ మాట బాపుకు చాలలేదు. ఇద్దరు కూలీలను పెట్టి గజం గజానికి గడ్డపార దింపించాం. డొల్ల చప్పుడు రాలేదు. బిందెలతో నీళ్లు పోసి చూశాం. ఎక్కడా గబుక్కున ఇంకలేదు. అప్పుడు గానీ ఆయన సరే అనలేదు.

హద్దు గీతలు వేస్తున్న రోజు, మధ్యాహ్నం. ఈ కొసన నేను మేకు కొడుతున్నాను. నడుమ అన్న టేపు పట్టుకుని నిలబడ్డాడు. అటు కొసన, తన వంటిల్లు వస్తుందనుకున్న మూలలో, వదిన పురికొసతో తంటాలు పడుతోంది. అప్పుడు ఒక ఆడగొంతు వినపడింది.

"జరంత తోడు కావాలె."

తల ఎత్తి వదిన వైపు చూశాను. ఆమె పురికొసను పళ్లతో పట్టి ముడి లాగుతోంది. మాట్లాడే వీలే లేదు. కొస వదిలేసి, జాగా అంచున ఉన్న తుమ్మకంప వైపు తిరిగి, "ఇప్పుడేడుందమ్మా, రేపు తెస్త," అంది.

"ఎవలు వదినా?" అని కేకేశాను.

"ఎవలో, కంప ఎనక ఉన్నట్టుంది. పెరుగు తోడుకు అడుగుతున్నది. మనం పాలోళ్లమని తెల్సినట్టుంది," అని నవ్వింది.

మా ఇంటికి రోజూ ఎవరో ఒకరు గిన్నె పట్టుకుని తోడుకు వచ్చేవారు, పాలల్లో వేసుకోవడానికి చెంచాడు పెరుగు కోసం. పాడి ఉన్న ఇంట్లో తోడు అడిగితే లేదనకూడదని అమ్మ నియమం. అందుకే ఆ మాట మాకు వింతగా తోచలేదు. అన్న మాత్రం, "ఎవలతోని మాట్లాడుతున్నరు మీరిద్దరు?" అన్నాడు. మా ఇద్దరి నడుమ ఉన్న మనిషికి ఏమీ వినపడలేదట.

మర్నాడు మిగిలిన కొలతలకు కూలీలతో మళ్లీ వెళ్లాం. వదిన మూత గల సత్తుగిన్నెలో పెరుగు తెచ్చింది. దీపం పెట్టాక తోడు ఇవ్వకూడదు, పొద్దుండగానే ఇచ్చేస్తానంటూ నేరుగా ఆ మూలకు నడిచింది. "ఓ అమ్మా, తోడు తెచ్చిన, రా," అని పిలిచింది. నేను చూస్తూనే ఉన్నాను. పెద్ద చప్పుడేమీ కాలేదు. ఆమె నిలబడ్డ నేల కిందికి జారిపోయింది. ఆమె కూడా.

దూకబోయిన అన్నను నేనూ కూలీలూ నడుం పట్టి ఆపాం. తాళ్లు తెప్పించి మనిషిని దింపేసరికి ఆలస్యమైపోయింది. రాతి కట్టు ఉన్న పాత బావి అది. వదినను పైకి తీశారు గానీ అప్పటికే ప్రాణం పోయింది.

గిన్నెను తర్వాత నేనే చూశాను. గుంత అంచున, ఎవరో దించి పెట్టినట్టు, మూతతో సహా నిలబడి ఉంది. లోపల పెరుగు లేదు. కడిగి తుడిచినట్టుంది. కుక్క నాకి ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను. కుక్క మూత పెడుతుందా? గిన్నెను తువాలులో చుట్టి ఇంటికి తెచ్చాను.

గడ్డపారకు ఆ బావి ఎందుకు దొరకలేదని మా ఫ్యాక్టరీ ఇంజనీరును అడిగాను. పైన బండ పరిచి మందంగా మట్టి కప్పి ఉంటారు, గడ్డపార అంత లోతుకు దిగి ఉండదు, ఆ బండ ఇప్పుడు పగిలి ఉంటుంది అన్నాడు. సరే, బావికి జవాబు దొరికింది. కంప వెనకంతా బీడే, ఒక్క గుడిసె లేదు. పిలిచింది ఎవరో మాత్రం ఎంత వెతికినా తెలియలేదు.

దినాలు అయ్యాక అమ్మ ఒక్కసారే ఆ మాట ఎత్తింది. "తోడు కావాలన్నదంటే పెరుగుకేనారా? మనకు గదొక్కటే ఎరుక గద," అని ఏడ్చింది. నాకూ ఏడుపు ఆగలేదు.

జాగా ఎవరికీ పంచలేదు. అన్న మళ్లీ పెళ్లి మాట ఎత్తనివ్వలేదు. ఇప్పటికీ నేను ఒంటరిగా దొరికితే అడుగుతాడు: "తమ్మీ, గా గొంతు ఎట్లుండెరా? ఎవలదో జర యాది చేస్కో."

"యాదికి లేదన్నా," అంటాను. ఆ రోజు నేను తల ఎత్తి వదిన నోటి వైపు ఎందుకు చూశానో ఆయనకు ఎలా చెప్పను? అది అచ్చం ఆమె గొంతే.