కోడలు మొగుడి పేరు చెప్పింది

ఈ రోజు కోడలిని వెంటబెట్టుకుని నరసరావుపేటలో కొత్త ప్లీడరు గారి దగ్గరకు వెళ్ళాను. చేయని హత్యకు మా పెద్దవాడికి యావజ్జీవ శిక్ష పడింది. హైకోర్టుకు వెళితేనన్నా బయటికి వస్తాడేమోనని ఆశ.

"ఆ రాత్రి ఇంట్లో నీతో ఎవరున్నారమ్మా?" అని ప్లీడరు గారు కోడలిని అడిగారు.

"ఆయనే ఉన్నాడయ్యా."

"ఆయనంటే ఎవరు?"

కోడలు తల దించుకుంది. కిందటిసారి కోర్టులోనూ ఇంతే. మొగుడి పేరు పలకకూడదని నోరు మూసుకుంటే, సాక్షి ఏదో దాస్తోందన్నారు.

"నువ్వన్నా చెప్పు మామ్మా, నీ కొడుకు పేరేంది?"

"పెద్దోడయ్యా" అన్నాను. వాడికి మా మామగారి పేరు పెట్టాం. నేనూ ఎన్నడూ పలకలేదు.

ప్లీడరు గారు కలం కింద పడేశారు. "ఏందమ్మా మీ గోల! పేరు లేనోణ్ణి జైల్లోంచి ఎట్టా తెచ్చేది?"

కోడలు ఏడుస్తూ అంది: "కోటయ్య. ఆ రాత్రంతా కోటయ్య ఇంట్లోనే, జొరమొచ్చిన పిల్ల పక్కనే ఉన్నాడు."

ఇంకో రోజైతే నోటిమీద కొట్టేదాన్ని. ఇవాళ మాత్రం, "గట్టిగా చెప్పవే, అయ్యగారికి వినపడాల" అన్నాను.

ప్లీడరు గారు రాసుకున్నారు గాని, గెలుస్తామని అనలేదు. ఇంటికొచ్చి, భయపడుతూనే నేనూ ఆ పేరు పలికాను. పైనున్న మామగారికి కోపం వస్తుందంటారా? వస్తే రానీ, బిడ్డ ఇంటికొస్తే చాలు.